కడుపులోని బిడ్డ గుండె చప్పుడు



ఈ నెల ఒక తల్లిగారి ఉత్తరాన్ని మీ ముందుంచుతున్నాను. ఆమె తన కోడలి విషయమై ఇలా వ్రాసింది:

"అయ్యగారూ, మా కోడలికి ఇది రెండవ కాన్పు. ఎనిమిదో నెల నిండబోతున్నది. బి.పి. ఎక్కువగా ఉన్నదని డాక్టరమ్మ వారానికి రెండుసార్లు రమ్మంటున్నది. వెళ్ళినప్పుడల్లా పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చూస్తున్నారు. వెళ్ళి రావడానికి దినమంతా పడుతుంది. ఇద్దరి కూలి పోతుంది. పోయినసారి బిడ్డ బాగున్నదని చెప్పారు. బాగున్నప్పుడు మరల ఎందుకు? నేను ఐదుగురిని కన్నాను, ఏ బెల్టూ కట్టించుకోలేదు. ఆ యంత్రం వలన బిడ్డకు హాని ఏమైనా ఉన్నదా? మానేస్తే ఏమవుతుంది?"

ఇవి న్యాయమైన ప్రశ్నలు. కూలికి వెళ్ళే ఇంట్లో ఒక దినం పోతే ఎంత కష్టమో పల్లెలో సేవ చేసేవారందరికీ తెలుసు. నేను వైద్యుడను కాను. వైద్యులను, నర్సమ్మలను అడిగి, చదివి తెలుసుకొన్నది తేటగా చెబుతాను. ఇది ఆ తల్లిగారికే కాదు, ఇంట్లో గర్భిణీ స్త్రీ ఉన్న ప్రతి కుటుంబానికీ అవసరమైన సంగతి.

గుండె ఏమి చెబుతుంది?

గర్భంలోని బిడ్డ తన ముక్కుతో గాలి పీల్చుకొనదు. కావలసిన ప్రాణవాయువు, ఆహారం తల్లి రక్తం నుండి మాయలోనికి, అక్కడ నుండి బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరుతాయి. మాయ బాగా పని చేసినంత కాలం బిడ్డకు కొదువ లేదు. తల్లికి బి.పి. పెరిగినా, చక్కెర వ్యాధి ఉన్నా, నెలలు నిండి దినాలు దాటినా కొందరిలో మాయ పని మందగిస్తుంది. అప్పుడు బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. ఇది పైకి కనబడదు. తల్లికి నొప్పి కూడా తెలియకపోవచ్చు.

పెద్దవారి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకుంటుంది. కడుపులోని బిడ్డ గుండె నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకుంటుంది. కాని లెక్క ఒక్కటే చాలదు, ఆ వేగం ఎలా మారుతున్నదో కూడా చూడాలి. నీళ్ళబిందె ఎత్తుకొని గట్టు ఎక్కితే మన గుండె వేగం పెరుగుతుంది. దించి కూర్చుంటే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా అంతే. కాలు ఆడించినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు గుండె కాసేపు వేగంగా కొట్టుకొని మరల మామూలు స్థితికి వస్తుంది. అలా మారుతున్నదంటే బిడ్డ మెదడుకు, గుండెకు ప్రాణవాయువు అందుతున్నదని వైద్యులు గ్రహిస్తారు.

ప్రాణవాయువు తగ్గినప్పుడు బిడ్డ ఏమి చేస్తుంది? కరవు వచ్చిన ఇంట్లో ఇల్లాలు ముందు పై ఖర్చులు మానుకొని, ఉన్న గింజలను పిల్లల కొరకు దాచినట్లు, బిడ్డ శరీరం కూడా పొదుపు మొదలుపెడుతుంది. ఉన్న రక్తాన్ని మెదడుకు, గుండెకు ఎక్కువగా పంపుతుంది. మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది. ఉమ్మనీటిలో చాలా భాగం బిడ్డ మూత్రమే గనుక ఉమ్మనీరు కూడా తగ్గుతుంది. కదలికతో గుండె వేగం పెరగడం ముందుగా తగ్గిపోతుంది. తరువాత కదలికలే తగ్గుతాయి. కాళ్ళు చేతులు ముడుచుకొని ఉండే బిగువు చివరగా పోతుంది. గుండె పరీక్ష ఈ మెట్లలో మొదటివాటి దగ్గరే బిడ్డ కష్టాన్ని పట్టుకోవాలని చేసే ప్రయత్నం.

చెవి పెట్టి విన్నవారు

ఈ ఆలోచన నేటిది కాదు. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లేనెక్ రోగి ఛాతీ చప్పుడు వినడానికి స్టెతస్కోపును కనిపెట్టాడు. 1821లో కెర్గరడెక్ అనే మరొక ఫ్రెంచి వైద్యుడు దానిని గర్భిణీ స్త్రీ పొట్టపై పెట్టి విన్నాడు. ఉమ్మనీటి చప్పుడు వినబడుతుందేమోనని వింటే, గడియారం టిక్కుటిక్కుమన్నట్లు బిడ్డ గుండె చప్పుడు వినబడింది. ఆ చప్పుడులో వచ్చే మార్పులను బట్టి బిడ్డ ఆరోగ్యాన్ని తెలుసుకోవచ్చునా అని ఆయన అప్పుడే అడిగాడు. 1895లో అడాల్ఫ్ పినార్డ్ అనే వైద్యుడు ఇందుకొరకే గొట్టం లాంటి సాధనం తయారుచేశాడు. ఒక చివర బూరవలె వెడల్పుగా, రెండవ చివర చెవి ఆనించడానికి బల్లపరుపుగా ఉంటుంది. కరెంటు అక్కరలేదు. చాలా పల్లెలలో నర్సమ్మలు పొట్టపై ఆనించి వినే బూర ఇదే.

1958లో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్ అనే వైద్యుడు బిడ్డ గుండె వేగాన్ని విద్యుత్ పరికరంతో ఆగకుండా నమోదు చేసే విధానాన్ని ప్రకటించాడు. తరువాతి సంవత్సరాలలో అది అభివృద్ధి చెంది నేటి బెల్టు యంత్రంగా ఆసుపత్రులకు వచ్చింది.

గనుక అమ్మా, మీ కాన్పులలో బెల్టు లేకపోయినా, మంత్రసానమ్మ గాని నర్సమ్మ గాని పొట్టపై చెయ్యి పెట్టి, చెవి పెట్టి బిడ్డను కనిపెట్టే ఉంటారు. మీ ఐదుగురు బిడ్డలు క్షేమంగా పుట్టినందుకు కృతజ్ఞత చెల్లించవలసిందే. అయితే మీ ఊరిలో ఆ కాలపు తల్లులలో, నెలలు నిండాక చనిపోయిన బిడ్డను కన్నవారు ఎవరైనా ఉన్నారా అని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ఆ బిడ్డలకు పేరు పెట్టలేదు, ఎవరూ లెక్క వ్రాయలేదు. తల్లులు మాత్రం మరువలేదు.

బెల్టు పరీక్షలో ఏమి చేస్తారు?

దీనిని ఆసుపత్రిలో ఎన్.ఎస్.టి. అంటారు. పొట్టపై రెండు బెల్టులు కడతారు. ఒక దానికి ఉన్న బిళ్ళ బిడ్డ గుండె చప్పుడును పట్టుకుంటుంది. రెండవది గర్భసంచి బిగుసుకుంటున్నదా అని చూస్తుంది. బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమని కొన్నిచోట్ల తల్లి చేతికి ఒక మీట ఇస్తారు. యంత్రం నుండి గళ్ళ కాగితం వస్తుంది. దానిపై ఒక గీత గుండె వేగం, మరొక గీత గర్భసంచి బిగువు.

సుమారు 20 నిమిషాలు చూస్తారు. 32 వారాలు నిండిన బిడ్డకైతే ఆ సమయంలో కనీసం రెండుసార్లు గుండె వేగం 15 సంఖ్యల మేర పెరిగి 15 సెకన్ల పాటు నిలిస్తే పరీక్ష బాగున్నట్లు. పెరగకపోతే వెంటనే భయపడకూడదు. కడుపులోని బిడ్డ కూడా నిద్రపోతుంది. ఆ నిద్ర సాధారణంగా 20 నుండి 40 నిమిషాలు ఉంటుంది. అందుకే పరీక్షను 40 నిమిషాల వరకు పొడిగిస్తారు. అప్పటికీ తృప్తిగా లేకపోతే స్కానింగు చేసి బిడ్డ కదలిక, బిగువు, ఊపిరి తీసుకొన్నట్లు చేసే కదలిక, ఉమ్మనీరు చూస్తారు. ఈ నాలుగింటికి, గుండె పరీక్షకు కలిపి ఒక్కొక్క దానికి 2 చొప్పున 10 మార్కులు వేస్తారు. మొదటి పరీక్ష సరిగా లేదన్న బిడ్డలలో అనేకులు తరువాతి పరీక్షలో బాగానే ఉంటారు. గనుక "సరిగా రాలేదు" అన్నమాట విని గుండెలు బాదుకోవద్దు, రెండవ పరీక్ష చేయించకుండా ఇంటికి రావద్దు.

ఈ యంత్రంలో ఎక్స్‌రే లేదు. సూది లేదు, నొప్పి లేదు. మన చెవికి వినబడని శబ్ద తరంగాలతో పని చేస్తుంది. వైద్యుని సలహాపై చేయించుకొంటే దీనివలన బిడ్డకు హాని కలిగినట్లు తెలియరాలేదు.

పరీక్షకు వెళ్ళేటప్పుడు ఏదైనా తిని వెళ్ళడం మంచిది. వెల్లకిలా పడుకొనక, పక్కకు ఒరిగి గాని, దిండు ఆనుకొని గాని ఉండాలి. వెల్లకిలా పడుకొంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి తల్లికి కళ్ళు తిరగవచ్చు. ఏ మందులు వాడుతున్నదో ముందే చెప్పాలి. కొన్ని మందులు బిడ్డను మత్తుగా ఉంచుతాయి.

పోయినసారి బాగుంటే మరల ఎందుకు?

ఇదే అసలు ప్రశ్న. బిడ్డ గుండె పరీక్ష ఆ దినపు సంగతి చెబుతుంది. పరీక్ష బాగున్న తరువాత వారం లోపల బిడ్డ కడుపులో చనిపోవడం వెయ్యిమందిలో ఇద్దరికంటే తక్కువ అని వైద్యుల లెక్క. అది ధైర్యమిచ్చే మాట. కాని ఆ ధైర్యానికి గడువున్నది. బి.పి. ఉన్న తల్లిలో మాయ స్థితి కొద్ది దినాలలోనే మారవచ్చు. ఎండాకాలంలో మడికి మొన్న నీళ్ళు పెట్టాం గదా అని ఈ వారమంతా చూడకుండా ఉంటామా? అందుకే ఆ డాక్టరమ్మ వారానికి రెండుసార్లు రమ్మన్నది.

గర్భిణీలందరికీ ఈ పరీక్ష ఇన్నిసార్లు అవసరం లేదు. బి.పి., చక్కెర వ్యాధి, బిడ్డ ఎదుగుదల తక్కువ, ఉమ్మనీరు తక్కువ, దినాలు దాటడం, మునుపు కడుపులో బిడ్డ చనిపోయి ఉండడం, బిడ్డ కదలిక తగ్గడం వంటి కారణాలున్నప్పుడు అడుగుతారు. ఎక్కువగా 32 వారాల నుండి మొదలుపెడతారు. ఎందుకు చేస్తున్నారో డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు.

ఈ పరీక్షకు హద్దులు కూడా ఉన్నవి. మాయ హఠాత్తుగా విడిపోవడం, బొడ్డుతాడు నొక్కుకుపోవడం వంటి ఆపదలను అది ముందుగా చెప్పలేదు. బిడ్డ గుండె బాగున్నంత మాత్రాన తల్లి బాగున్నదని కూడా కాదు. బి.పి. ఉన్న తల్లికి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం కనిపిస్తే, ఆ ఉదయమే బెల్టు పరీక్ష బాగున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిట్స్ వచ్చేదాకా ఆగకూడదు.

తల్లి దగ్గరున్న పరీక్ష

బెల్టు వారానికి ఒకటి రెండుసార్లే. మిగిలిన దినాలలో బిడ్డను కనిపెట్టేది ఎవరు? తల్లే. బిడ్డ కదలికను మొదట తెలుసుకొనేది తల్లి. ఎలీసబెతమ్మ సంగతి చదివినవారికి ఇది క్రొత్త మాట కాదు. మరియమ్మ వందన వచనం విన్నప్పుడు బిడ్డ కదిలినది ఇతరులెవరికీ తెలియలేదు, ఆమెకే తెలిసింది.

తొలి కాన్పులో 18 నుండి 20 వారాలకు కదలిక తెలియడం మొదలవుతుంది. తరువాతి కాన్పులలో ఇంకా ముందే తెలియవచ్చు. 28 వారాలు వచ్చేసరికి బిడ్డకు ఒక అలవాటు ఏర్పడుతుంది. కొందరు రాత్రి భోజనం తరువాత ఎక్కువ తిరుగుతారు, కొందరు తెల్లవారుజామున. పొరుగింటి బిడ్డతో పోల్చవద్దు. తన బిడ్డ అలవాటును తల్లి గుర్తు పెట్టుకోవాలి.

కదలిక తగ్గినట్లు అనుమానం వస్తే పని ఆపి, ఎడమ పక్కకు పడుకొని, బిడ్డపైనే మనస్సు నిలిపి లెక్కపెట్టాలి. రెండు గంటలలో 10 కదలికలు తెలియకపోతే ఆ దినమే, అది రాత్రి అయినా సరే, ఆసుపత్రికి వెళ్ళాలి. బొత్తిగా కదలిక లేకపోతే లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే బయలుదేరాలి. అక్కడ ముందుగా గుండె చప్పుడు వింటారు, అవసరమైతే బెల్టు కడతారు, స్కానింగు చేస్తారు. బాగున్నదంటే సంతోషంగా తిరిగి వస్తారు. మరల తగ్గితే మరల వెళ్ళాలి. "మొన్ననే వచ్చాం గదా, నవ్వుతారేమో" అని సిగ్గుపడవద్దు.

మన ఇండ్లలో వినే మాటలు

"నెలలు నిండితే బిడ్డకు చోటు చాలదు, అందుకే కదలదు." ఇది నిజం కాదు. ఆఖరి నెలలో తన్నడం కంటే పొర్లినట్లు, నెట్టినట్లు తెలియవచ్చు. కాని కదలికలు తగ్గవు. ఈ మాట నమ్మి ఆగిపోవడం చాలా ప్రమాదకరం.

"నొప్పులు దగ్గరపడ్డాయి, బిడ్డ సర్దుకున్నది." ఇది కూడా నిజం కాదు. నొప్పులు వస్తున్నప్పుడు కూడా బిడ్డ కదులుతుంది.

"చల్లని నీళ్ళు, తీపి వస్తువు ఇస్తే కదులుతుంది, ఉదయం చూద్దాం." ఇస్తే ఇవ్వండి. కాని దానిని నమ్ముకొని రాత్రంతా వేచి ఉండవద్దు.

"గుండె వేగంగా కొట్టుకుంటే ఆడపిల్ల, నెమ్మదిగా కొట్టుకుంటే మగపిల్లవాడు." ఇందులో నిజం లేదు. బిడ్డ కదిలినప్పుడు వేగం పెరుగుతుంది, నిద్రపోతే తగ్గుతుంది. అంతే. గర్భంలో ఆడో మగో చెప్పడం, చెప్పించుకొనడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

"బిడ్డ గుండె వినే చిన్న మిషను కొన్నాం, ఇంట్లోనే వింటున్నాం." ఈ మధ్య పట్టణాలలో ఉన్న పిల్లలు ఇవి కొని పల్లెకు పంపుతున్నారు. తెలియనివారు వింటే తల్లి నాడినే, మాయలో రక్తం ప్రవహించే చప్పుడునే బిడ్డ గుండె అనుకొనే అవకాశం ఉన్నది. అందుకే నర్సమ్మ బూర పెట్టి వినేటప్పుడు మరొక చేత్తో తల్లి నాడిని కూడా పట్టుకుంటుంది. రెండూ ఒక్కటి కాదని రూఢి చేసుకొనడానికే అలా చేస్తుంది. కదలిక తగ్గినప్పుడు ఇంట్లో మిషను పెట్టుకొని తృప్తిపడితే విలువైన గంటలు పోతాయి.

ఇంటివారితో ఒక మాట

కోడలు "అత్తయ్యా, ఈ రోజు బిడ్డ సరిగా కదలడం లేదు" అన్నప్పుడు ఇంట్లో ఏమి జరుగుతుంది? ఒకరు "తొందరపడకు" అంటారు. ఒకరు "కోతలున్నాయి, ఎల్లుండి వెళదాం" అంటారు. తొలి కాన్పైతే "పుట్టింటివారికి కబురు చేయండి, వాళ్ళు తీసుకెళ్తారు" అంటారు. పుట్టింటివారు "అల్లుడుగారు రావాలి" అంటారు. ఈ లోపల కడుపులోని బిడ్డ ఎవరి నిర్ణయం కొరకు ఆగుతుంది? ఆమె మాటను నమ్మండి. యంత్రం కంటే ముందు ఆమెకే తెలిసింది.

"ముందు ప్రార్థన చేసి, రేపు వెళదాం" అనేవారు కూడా ఉన్నారు. ప్రార్థన చేయండి. ఆటోలో కూర్చొని చేయండి. మీరు పిలిస్తే మీ సంఘకాపరి మీతో కూడా ఆసుపత్రికి వస్తాడు. కాని మీ ఇంట్లో ప్రార్థన జరుగుతున్నదని ఆ ప్రయాణాన్ని ఆపవద్దు.

ఖర్చు సంగతి. ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలకు పరీక్షలు, మందులు, కాన్పు ఉచితంగా అందించే పథకం 2011లో వచ్చింది. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణీలకు ప్రత్యేక పరీక్షల దినం ఉన్నది. బెల్టు యంత్రం మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉన్నదో ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. అత్యవసరమైతే 108కి ఫోను చేయండి.

సంఘ పెద్దలకు, స్త్రీల కూటము నడిపించే సహోదరీలకు ఒక మనవి. మీ ఊరిలో ఏడో నెల దాటిన తల్లులు ఎవరెవరో తెలుసుకోండి. రాత్రివేళ పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు ప్రతి ఇంట్లో గోడపై వ్రాయించండి. బి.పి. ఉన్న తల్లి పరీక్షకు వెళ్ళే దినాన పెద్దబిడ్డను చూచుకొనడానికి ఒకరు, తోడు వెళ్ళడానికి ఒకరు ఉంటే ఆ ఇంటికి ఒక కూలి అయినా మిగులుతుంది. వచ్చే కూటములో ఈ పుట చదివి, కదలికలు లెక్కపెట్టే విధానం చిన్న కోడళ్ళకు, వారి పెనిమిటులకు నేర్పండి.